గొంతు ఆమెది, కథ ఆమెది, క్లెయిము కంపెనీది

ఈ కేసులో మా క్లయింటు ఫిర్యాదు చేయడానికి రాలేదు. ఆమె మీదే ఫిర్యాదు పడితే వచ్చారు. విజయవాడలో ఉంటారు. వయసు అరవై దాటింది. పిల్లల కథలు రాస్తారు, చదివి వినిపిస్తారు. తాను రాసుకున్న ఒక కథను తన గొంతుతోనే చదివి, మనవడి సాయంతో సొంత వీడియో ఛానెల్‌లో పెట్టుకున్నారు. కొద్ది రోజుల్లోనే ఆ వీడియో మీద కాపీరైట్ క్లెయిము పడింది. వేసింది ఆమె గతంలో కథలు రికార్డు చేసి ఇచ్చిన ఆడియో యాప్ కంపెనీ. సాఫ్ట్‌వేర్ దానంతట అది పోల్చి వేసిన క్లెయిము కాదది, కంపెనీలో ఎవరో కూర్చుని నింపిన ఫారం. అందులో "ఇది మా ఒరిజినల్ కథ" అని రాశారు.

మనవడు ఆ యాప్ తెరిచి చూస్తే ఆమె ఎన్నడూ చదవని కథలు ఆమె గొంతులో వినిపించాయి. కథకురాలి పేరు ఉండాల్సిన చోట చిన్న అక్షరాలతో "ఏఐ వాచకం" అని ఉంది. ఆమె మా ఆఫీసుకు వచ్చి అడిగిన మొదటి మాట: "నా కథ నేను చెప్పుకోకూడదా లాయరు గారూ?"

ఆమె అనుమతితో, మనుషుల్నీ కంపెనీనీ గుర్తుపట్టే వివరాలు తీసేసి ఈ కేసు రాస్తున్నాను. మన దేశంలో ఏఐకి చట్టమే లేదు కాబట్టి చేయగలిగిందేమీ లేదని రచయితలు, గాయకులు, డబ్బింగ్ కళాకారులు తరచూ నాతో అంటుంటారు. వాళ్లు ఇది చదవాలన్నది నా కోరిక. ఈ కేసులో మేం ఆధారపడిన కాపీరైట్ సెక్షన్లలో ఏ ఒక్కటీ ఏఐ కోసం పుట్టింది కాదు. అన్నీ 1957 చట్టంలోవి, దానికి 2012లో జరిగిన సవరణలోవి. హక్కు ఆమెకు ముందునుంచీ ఉంది. ఆమె ఏం రాసిచ్చారు, ఏం రాసివ్వలేదు అన్నదాని మీదే మొత్తం నడిచింది.

ముందు కాగితాలు

2018లో కంపెనీ ఆమెతో ఒక అగ్రిమెంటు చేసుకుంది. నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు. కథకు ఇంత అని పారితోషికం. కీలకమైన క్లాజు సారాంశం ఇది: ఆమె చేసే రికార్డింగుల మీద అన్ని హక్కులూ, ప్రపంచమంతటా, శాశ్వతంగా, ఇప్పుడున్న మాధ్యమాల్లోనూ ఇకముందు కనిపెట్టబోయే మాధ్యమాల్లోనూ కంపెనీవే. ఇలాంటి క్లాజు చూడగానే చాలామంది ఆశ వదిలేసుకుంటారు. ఆమె కుటుంబం కూడా అంతే. "అంతా రాసిచ్చేసింది కదండీ" అన్నారు కొడుకు.

నేను ఆ క్లాజును పక్కన పెట్టి, ముందు అగ్రిమెంటులో లేనిదేమిటని వెతికాను. స్క్రిప్టుల ప్రస్తావన ఎక్కడా లేదు. అగ్రిమెంటు రాసినవాళ్ల దృష్టిలో ఆమె గొంతు ఇచ్చే కళాకారిణి మాత్రమే. ఆమె చదివిన కథల్లో ఎక్కువ భాగం ఆమె సొంతంగా రాసినవో, జానపద కథలను తన పద్ధతిలో తిరగరాసినవో అన్న సంగతి వాళ్లకు తట్టినట్టు లేదు. స్క్రిప్టులన్నీ ఈమెయిల్‌లో పంపారు. కొన్ని రికార్డయ్యాయి. కొన్ని పంపినా రికార్డింగు దాకా రాలేదు, కంపెనీ ఫోల్డర్లలోనే ఉండిపోయాయి. వీడియో మీద క్లెయిము పడిన కథ అలా ఉండిపోయిన వాటిలోదే.

ఇలాంటి కేసుల్లో క్లయింటు చెప్పే "నా పని" అన్న మాటను నేను ముందు విడగొడతాను. ఇక్కడ మూడు వేరువేరు హక్కులున్నాయి. కథ సాహిత్య రచన, దాని హక్కు రాసినవారిది. చదవడం ప్రదర్శన, దాని హక్కు ప్రదర్శకురాలిది. రికార్డింగు మూడోది, సాధారణంగా అది నిర్మాతది. అంటే కంపెనీది. కంపెనీ చేతిలో నిజంగా ఉన్నది ఈ మూడోది. దాన్ని పట్టుకుని మిగతా రెండూ తమవేనన్నట్టు నడిపించారు.

కథ ఎవరిది?

సెక్షన్ 19(1) ప్రకారం కాపీరైట్ బదలాయింపు రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత డబ్బు అన్నవి అందులో ఉండాలి. ఈమెయిల్‌కు ఫైలు జతచేసి పంపితే అది బదలాయింపు కాదు. ఆమె తనంతట తాను పంపారు కాబట్టి, ఆ కథను ఆమె గొంతులో రికార్డు చేసి యాప్‌లో పెట్టుకోవడానికి అనుమతి ఇచ్చినట్టే అని వాదించొచ్చు. అంతకు మించి ఏమీ లేదు.

ఆమె మా దగ్గర ఉద్యోగిలాంటివారే, కాబట్టి సెక్షన్ 17 కింద మొదటి హక్కుదారులం మేమే అన్నది కంపెనీ వేయగల తర్వాతి అడుగు. దానికి జవాబు ఆమె ఆదాయపు పన్ను ఫారం 26ఏఎస్‌లో దొరికింది. కంపెనీ ఆమెకు ఇచ్చిన ప్రతి చెల్లింపులో సెక్షన్ 194జె కింద, అంటే వృత్తి సేవల ఫీజుగా చూపి టీడీఎస్ కోసింది. ఉద్యోగి జీతమైతే 192 కింద కోసేవారు. పన్ను శాఖకు ఫ్రీలాన్సర్ అని చెప్పి కోర్టుకు ఉద్యోగి అని చెప్పడం కుదరదు. రాసేవాళ్లు, పాడేవాళ్లు ఈ ఫారాన్ని భద్రంగా దాచుకోవాలి. హక్కు ఎవరిదో తేల్చేటప్పుడు ఇంత సూటిగా మాట్లాడే కాగితం ఇంకోటి అరుదు.

ఇక ఎక్కువ సమయం తిన్న సంగతి జానపద కథలు. యాప్‌లోని ఏఐ కథల్లో రెండు రకాలున్నాయి. కొన్ని ఆమె స్క్రిప్టులే, అక్షరం మారకుండా. మరికొన్ని కొంత మార్చి తిరగరాసినవి. వాటిలో ఏడు చేపల కథ ఒకటి. ఆ కథ ఎవరి సొత్తూ కాదు. రాజుగారి ఏడుగురు కొడుకులు, ఎండని చేప, అడ్డం వచ్చిన గడ్డిమేటు, మేయని ఆవు, చివరికి బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టిన చీమ, ఇవన్నీ తెలుగువాళ్లందరివీ. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు ఆలోచనకు, ఇతివృత్తానికి కాపీరైట్ లేదు. వాటిని చెప్పిన తీరుకే ఉంది.

అందుకని ఆమె చెప్పిన తీరు ఏమిటో వాక్యం వాక్యం తీసి పట్టిక వేశాం. ఒక గడిలో అందరికీ తెలిసిన కథ, పక్కన ఆమె రాసింది, ఆ పక్కన యాప్‌లోది. ఆమె కథలో చీమ కోపానికి ఒక కారణం ఉంది. పుట్టలో ఆ రోజు చీమల పెళ్లి జరుగుతోంది, పిల్లవాడి వేలు పందిరి గుంజను పడగొట్టింది. ఈ పెళ్లి మేం వెతికిన పాత పుస్తకాల్లో, పెద్దవాళ్లు చెప్పే కథల్లో ఎక్కడా లేదు. ఆమె మనవరాలి కోసం కల్పించుకున్నది. యాప్ కథలోనూ చీమల పెళ్లి ఉంది, పందిరి గుంజ ఉంది, పెళ్లికి వచ్చిన గండుచీమ మేనమామ కూడా ఉన్నాడు. మాటలు మారాయి, వరస మారలేదు. జానపద కథ నుంచి ఏఐ సొంతంగా అల్లుకుంది అన్న వాదన ఈ పట్టిక ముందు నిలబడలేదు.

ఆ పట్టిక తయారు చేయడంలో ఆమె మా పక్కన కూర్చున్నారు. ఏ మాట తనది, ఏది వాళ్లమ్మ నుంచి విన్నది, ఏది ఊళ్లో అందరూ అనేది అని ఒక్కో వాక్యానికీ నిజాయితీగా చెప్పారు. తనది కాదన్న చోట మేం గడి ఖాళీగా వదిలేశాం. ఖాళీ గడులు ఉండటం వల్లే మిగతా గడులకు విలువ వచ్చిందని నా నమ్మకం.

క్లెయిమే తిరగబడింది

కంపెనీ క్లెయిముకు ఆధారం వాళ్ల ఏఐ రికార్డింగు. ఏఐ తయారుచేసిన దానికి కాపీరైట్ ఉంటుందా అన్నది పెద్ద చర్చ. అమెరికాలో థేలర్ కేసులో, మనిషి ప్రమేయం లేకుండా యంత్రం తయారుచేసిన బొమ్మకు కాపీరైట్ లేదని 2023లో జిల్లా కోర్టు, 2025 మార్చిలో అప్పీలు కోర్టు చెప్పాయి. మన దగ్గర 2020లో 'రాఘవ్' అనే ఏఐ టూలును సహ రచయితగా చూపిన ఒక చిత్రానికి రిజిస్ట్రేషన్ ఇచ్చి, ఆ తర్వాత కాపీరైట్ ఆఫీసే ఉపసంహరణ నోటీసు పంపింది. కంప్యూటర్ తయారుచేసిన రచనకు, అది తయారయ్యేలా చేసిన వ్యక్తి కర్త అని మన సెక్షన్ 2(డి)లో ఒక మాట ఉంది. కంపెనీ దాన్ని పట్టుకుంటుందని ముందే అనుకున్నాం.

మేం ఆ చర్చలోకే దిగలేదు. సెక్షన్ 13(3)(బి) చాలు. ఒక సాహిత్య రచనను రికార్డు చేసేటప్పుడు ఆ రచన కాపీరైట్‌ను ఉల్లంఘిస్తే, ఆ రికార్డింగుకు కాపీరైటే ఉండదు. కథ ఆమెది, అనుమతి లేదు, కాబట్టి ఆ ఏఐ రికార్డింగును మనిషి చేశాడా యంత్రం చేసిందా అన్న ప్రశ్నే రాదు. లేని కాపీరైట్‌తో ఆమె మీద క్లెయిము వేశారు. వీడియో వేదికకు ఇచ్చిన ప్రతివాదనలో ఇదే రాశాం. స్క్రిప్టు ఈమెయిల్‌లో వెళ్లిన తేదీ జతచేశాం. ఆమె వీడియో తిరిగి వచ్చింది.

చాలామంది ఇక్కడితో తృప్తిపడేవారు. ఆమె పడలేదు. "వీడియో సంగతి సరే, నా గొంతు మాటేమిటి?" అన్నారు.

గొంతు సంగతి

గొంతుకు కాపీరైట్ లేదు. ఇది ముందే చెప్పేయాలి, క్లయింటుకు ఆశలు పెట్టకూడదు. గొంతు రచన కాదు. చదివిన ఆ పఠనానికి మాత్రం రక్షణ ఉంది. చట్టంలో 'ప్రదర్శకులు' అన్న మాటలో నటులు, గాయకులతోపాటు ప్రదర్శన చేసే ఎవరైనా వస్తారు. ప్రదర్శన ప్రత్యక్షంగా జరగాలి అని నిర్వచనంలో ఉంది కదా, స్టూడియోలో చదివింది లెక్కలోకి రాదేమో అన్న సందేహానికి 2006లో నేహా భాసిన్ కేసులో ఢిల్లీ హైకోర్టు జవాబిచ్చింది. ప్రేక్షకుల ముందైనా స్టూడియోలోనైనా ప్రతి ప్రదర్శనా మొదట ప్రత్యక్షంగా జరిగేదే.

2012లో చేర్చిన సెక్షన్ 38ఎ ప్రకారం, తన ప్రదర్శన రికార్డింగును మళ్లీ కాపీ చేసే హక్కు ప్రదర్శకురాలిది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఏ మాధ్యమంలో నిల్వ చేసినా అది కాపీ కిందికే వస్తుంది. గొంతు నమూనా తయారు చేయాలంటే పాత రికార్డింగులను కాపీ చేసి, ముక్కలు చేసి, కృత్రిమ గొంతు సర్వీసు ఇచ్చే బయటి సంస్థ సర్వర్‌లోకి ఎక్కించాలి. మా వాదన మొత్తం ఈ మెట్టు మీద నిలబెట్టాం. చివర్లో వచ్చే కొత్త కథలో ఆమె పాత పఠనం ఒక్క సెకను కూడా లేకపోవచ్చు. దాన్ని కాపీ అని నిరూపించడం కష్టం. మధ్యలో జరిగిన కాపీ మాత్రం కాదనలేనిది.

సెక్షన్ 38బి రెండో ఆధారం. ప్రదర్శకురాలిగా పేరు వేయమని అడిగే హక్కు, పేరుప్రతిష్ఠలు దెబ్బతినేలా ప్రదర్శనను వికృతం చేస్తే ఆపే హక్కు అందులో ఉన్నాయి. యాప్‌లోని కొన్ని ఏఐ కథల్లో ఉచ్చారణ ఘోరంగా ఉంది. వత్తులు జారాయి, 'ళ' ఉండాల్సిన చోట 'ల' వినిపించింది. రేడియో నాటకాల్లో నలిగిన గొంతు ఆమెది. "పిల్లలు ఇది నేనే చదివాననుకుంటారు కదా" అని ఆమె బాధపడింది డబ్బు కంటే దీనికే ఎక్కువ.

మూడోది వ్యక్తిత్వ హక్కు, అంటే ఒకరి పేరును, రూపాన్ని, గొంతును అనుమతి లేకుండా వాడుకోకుండా ఆపే హక్కు. 2023 సెప్టెంబరులో అనిల్ కపూర్ కేసులో ఢిల్లీ హైకోర్టు, 2024 జూలైలో అరిజిత్ సింగ్ కేసులో బాంబే హైకోర్టు ఏఐతో గొంతును, రూపాన్ని అనుకరించడాన్ని ఆపుతూ మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చాయి. మన దగ్గర ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును ఏఐతో పుట్టించి ఒక తెలుగు సినిమాలో వాడారంటూ 2024 మొదట్లో ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపిన విషయం చాలామందికి గుర్తుండే ఉంటుంది. వీళ్లంతా ప్రఖ్యాతులు, మీ క్లయింటు కాదు అని ఎదుటివాళ్లు అంటారని తెలుసు. అందుకే ఈ వాదనను చివర పెట్టాం. కానీ వదల్లేదు. 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు ఒక మనిషి పేరును, పోలికను అనుమతి లేకుండా ప్రకటనలకు వాడుకోవడం కూడా గోప్యతా హక్కుకు భంగమేనంది. ఆ కేసు ఒక ఖైదీ ఆత్మకథ గురించి. ఈ హక్కు సినిమా తారలకే పరిమితమని ఎక్కడా లేదు.

"ఇకముందు కనిపెట్టబోయే మాధ్యమాలు"

ఇప్పుడు ఆ భయపెట్టిన క్లాజు దగ్గరికి వద్దాం. 2012 సవరణ సెక్షన్ 18(1)కి ఒక షరతు చేర్చింది. బదలాయింపు నాటికి లేని, లేదా వ్యాపార వినియోగంలో లేని మాధ్యమానికి, వాడుక పద్ధతికి ఆ బదలాయింపు వర్తించదు. వర్తించాలంటే ఆ పద్ధతిని ప్రత్యేకంగా పేరు పెట్టి చెప్పి ఉండాలి. "ఇకముందు కనిపెట్టబోయేవన్నీ" అని గంపగుత్తగా రాస్తే చాలదు. సెక్షన్ 39ఎ ఈ 18, 19 సెక్షన్లను ప్రదర్శకుల హక్కులకూ తగిన మార్పులతో వర్తింపజేస్తుంది.

ఈ షరతు సినిమా పాటల రచయితలు, సంగీతకారులు ఏళ్ల తరబడి అడిగితే వచ్చింది. క్యాసెట్టు రోజుల్లో సంతకం పెట్టినవాళ్లకు రింగ్‌టోన్ల డబ్బు అందని కాలంలో పుట్టింది. అది ఇవాళ ఒక కథకురాలిని గొంతు నకలు నుంచి కాపాడుతోందంటే, ఆ పోరాటం చేసినవాళ్లకు మనం రుణపడి ఉన్నాం.

వాదనలో బలహీనత లేకపోలేదు. 2018 నాటికే రాసిన దాన్ని చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ బజారులో ఉంది. కాబట్టి కృత్రిమ గొంతు కొత్త పద్ధతి కాదని కంపెనీ లాయరు గట్టిగానే అన్నారు. మా జవాబు: యంత్రం గొంతుతో చదివించడం వేరు, ఫలానా మనిషి గొంతు నకలు తీసి ఆ మనిషి చదవని కథలు అమ్మడం వేరు. తెలుగు ఆడియో కథల వ్యాపారంలో ఆ రెండోది 2018లో నడుస్తున్నట్టు ఒక్క ఉదాహరణ చూపండి అన్నాం. చూపలేకపోయారు. ఈ ప్రశ్న మీద తీర్పు దాకా వెళ్లి ఉంటే ఫలితం ఇలాగే ఉండేదని నేను హామీ ఇవ్వలేను.

సాక్ష్యం

యాప్‌లో ఉన్నది ఏ క్షణమైనా మాయం కావచ్చు. అందుకే నోటీసు మాట ఎత్తకముందే సాక్ష్యం భద్రపరిచాం. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డుకు దాని సెక్షన్ 63(4) కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో రెండు భాగాలు. ఒకటి ఆ పరికరం బాధ్యత చూసే మనిషి సంతకం చేసేది, రెండోది నిపుణుడు చేసేది. ఫైలు హ్యాష్ విలువ, అంటే ఆ ఫైలు నుంచి లెక్కగట్టిన వేలిముద్రలాంటి కోడ్, అందులో రాయాలి. తర్వాత ఆ ఫైలులో ఒక్క అక్షరం మారినా విలువ మారిపోతుంది కాబట్టి తారుమారు చేశారనే మాట రాదు. యాప్ తెరిచి కథ ప్లే చేయడం మొదలుకొని ముగింపు దాకా తెరను రికార్డు చేశాం. తేదీ, సమయం కనబడేలా చూశాం.

ఆమె చేతిరాత నోటుపుస్తకాలు, పాత హార్డ్ డిస్కులోని ఒరిజినల్ ఆడియో ఫైళ్లు, ఈమెయిళ్లు అన్నీ వరసలో పెట్టాం. కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. అయినా ఎప్పుడు రాశారో చూపగలగాలి. ఆ పని ఈమెయిళ్లు చేశాయి.

గొంతు ఆమెదేనని చూపడానికి ఫోరెన్సిక్ నిపుణుణ్ని పెడదామని కుటుంబం అడిగింది. కృత్రిమ గొంతు విషయంలో ఆ నివేదిక మీద ఎంత బరువు మోపగలమో నాకు అనుమానమే. పోలిక ఉందని చెప్పగలరు కానీ ఎలా వచ్చిందో చెప్పలేరు. దానికంటే బలమైంది కంపెనీ ప్రకటనలోనే దొరికింది. యాప్ ప్రచారంలో వాళ్లే రాసుకున్నారు: "మీకు నచ్చిన ఆ గొంతే, ఇప్పుడు రోజూ కొత్త కథతో." ఇంతకంటే ఒప్పుకోలు ఏం కావాలి? ఆ పేజీకే మొదటి హ్యాష్ తీశాం.

నోటీసు ఎప్పుడు?

కాపీరైట్ నోటీసు పంపడం తేలిక, సరైన వేళకు పంపడం కష్టం. మన సెక్షన్ 52(1)(సి), కాపీరైట్ నియమాల్లోని రూల్ 75 ప్రకారం మధ్యవర్తి వేదిక, అంటే ఇతరుల కంటెంట్‌ను తన దగ్గర ఉంచే సైటు లాంటిది, నోటీసు అందిన 36 గంటల్లో కంటెంట్‌ను ఆపాలి. కానీ 21 రోజుల్లోగా కోర్టు ఉత్తర్వు చూపకపోతే మళ్లీ పెట్టేయొచ్చు. దావా సిద్ధం చేసుకోకుండా నోటీసు పంపితే ఆ 21 రోజులు పరుగుల్లో, టెన్షన్‌లో గడిచిపోతాయి. సెక్షన్ 60 ఇంకో జాగ్రత్త. ఆధారం లేకుండా దావా వేస్తామని బెదిరిస్తే ఎదుటివాళ్లే మన మీద దావా వేయొచ్చు. అందుకని ప్లెయింటు (దావా పత్రం), మధ్యంతర ఇంజంక్షన్ (తీర్పు వచ్చేదాకా ఆపమనే ఉత్తర్వు) దరఖాస్తు, జాబితాతో సహా పత్రాలు అన్నీ కట్టి పెట్టుకున్నాకే నోటీసులు కదిలించాం. సెక్షన్ 62 వల్ల దావా ఆమె ఊళ్లోనే వేసుకోవచ్చు, కంపెనీ ఉన్న రాష్ట్రానికి వెళ్లక్కర్లేదు. ఆ వయసు మనిషికి ఇది చిన్న విషయం కాదు.

పోలీసు కేసు పెడదామని కొడుకు పట్టుబట్టారు. సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా శిక్ష ఉంది. అది పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోగల నేరమని 2022లో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కూడా. నేను వద్దన్నాను. అక్కడ తెలిసి చేశారని నిరూపించాలి, కేసు ఆమె చేతిలోంచి జారిపోతుంది. ఆమెకు కావలసింది ఎవరో జైలుకు వెళ్లడం కాదు, ఆ గొంతు ఆగడం. ఆమె నా మాటే సరైందన్నారు.

కంపెనీ మొదటి జవాబు నేను అనుకున్నట్టే వచ్చింది. రికార్డింగులు మావి, అగ్రిమెంటు శాశ్వతం, వాటితో ఏఐకి శిక్షణ ఇవ్వడం న్యాయమైన వాడుక. మూడోదానికి మా జవాబు చిన్నది. అమెరికా చట్టంలోని ఫెయిర్ యూజ్ వేరు, మన సెక్షన్ 52 వేరు. మనది లెక్కపెట్టి రాసిన మినహాయింపుల జాబితా. సొంత వాడుక, పరిశోధన, విమర్శ, వార్తల వంటివి అందులో ఉన్నాయి. జపాన్, యూరప్ చట్టాల్లో డేటా విశ్లేషణకు ఇచ్చినట్టు ప్రత్యేక మినహాయింపు మన దగ్గర లేదు. చందా తీసుకునే యాప్ కోసం చేసింది సొంత వాడుక కాదు. ఏఐ శిక్షణ మీద మన దేశంలో మొదటి పెద్ద కేసు, ఓపెన్ఏఐ మీద ఏఎన్ఐ వార్తాసంస్థ వేసింది, 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టుకు చేరింది. మా చర్చలు నడిచిన రోజుల్లో అందులో తీర్పు రాలేదు. ఇద్దరికీ ఆ అనిశ్చితి తెలుసు. రాజీ వైపు కంపెనీని నెట్టినవాటిలో అదొకటి. సిద్ధంగా ఉన్న ప్లెయింటు ప్రతి మా సంచిలో కనబడటం ఇంకోటి.

రాజీ షరతులు

వాణిజ్య కోర్టుల చట్టం సెక్షన్ 12ఎ కింద దావాకు ముందు మధ్యవర్తిత్వానికి కూర్చున్నాం. అత్యవసర ఉత్తర్వు కావాలంటే దాన్ని దాటి నేరుగా కోర్టుకు వెళ్లొచ్చు. కానీ కంపెనీ చర్చలు సాగినన్నాళ్లూ ఏఐ కథలన్నీ ఆపి ఉంచుతామని రాసిచ్చింది, కాబట్టి అత్యవసరం తీరింది. ఈ మార్గంలో కుదిరిన ఒప్పందానికి ఆర్బిట్రేషన్ అవార్డుతో, అంటే ఇరుపక్షాలు ఎంచుకున్న ఆర్బిట్రేటర్ ఇచ్చే తీర్పుతో, సమానమైన బలం ఉంటుంది. తప్పితే నేరుగా అమలుకు వెళ్లొచ్చు.

డబ్బు ఎంతో చెప్పకూడదన్నది ఒప్పందంలో భాగం. మిగతావి చెప్పగలను. ఆమె స్క్రిప్టులతో, గొంతుతో చేసిన ఏఐ కథలన్నీ తీసేశారు. స్క్రిప్టుల హక్కు ఆమెదేనని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. పాత రికార్డింగులు యాప్‌లో కొనసాగుతాయి, ప్రతిదానికీ రచయితగా, కథకురాలిగా ఆమె పేరు ఉంటుంది, ఇకనుంచి రాయల్టీ వస్తుంది. ఇక ముందు ఆమె గొంతును కృత్రిమంగా పుట్టించాలంటే ఒక్కో కథకు విడిగా, ఏ కథో చెప్పి సంతకం తీసుకోవాలి. ఆ అనుమతి ఆమె తర్వాత వారసులు ఇవ్వాలా వద్దా అన్నది కూడా రాయించాం. సాహిత్య రచనకు కాపీరైట్ రచయిత మరణించాక 60 ఏళ్లు ఉంటుంది. ప్రదర్శకుల హక్కు ప్రదర్శన జరిగిన మరుసటి ఏడాది నుంచి 50 ఏళ్లు, అంటే 2018లో చదివిన కథ మీద 2068 దాకా. ఇంత పొడుగు కాలానికి ఇప్పుడే మాట అనుకోకపోతే రేపు మనవలు ఇబ్బంది పడతారు.

అన్నింటికంటే ఎక్కువ పెనుగులాట తొలగింపు దగ్గర జరిగింది. "డిలీట్ చేస్తాం" అని కంపెనీ ఒక్క మాటలో తేల్చబోయింది. ఏమేమి డిలీట్ చేస్తారో విడిగా రాయమన్నాం. శిక్షణ కోసం కోసిన ఆడియో ముక్కలు. గొంతు నుంచి తీసిన వాయిస్ ప్రొఫైల్. ఆ గొంతు కోసం ప్రత్యేకంగా మలచిన మోడల్ ఫైళ్లు. బ్యాకప్‌లు. బయటి వాయిస్ సర్వీసు సంస్థ దగ్గరున్న ప్రతులు. పసుపు నీళ్లలో కలిశాక విడదీయమంటే ఎలా అన్నట్టు మాట్లాడారు వాళ్ల టెక్నికల్ మనిషి. నిజమే, పెద్ద మోడల్‌లో కలిసిపోయింది విడిగా తీయడం కష్టం. కానీ ఇక్కడ ఆమె కోసం విడిగా చేసిన ప్రొఫైలు, ఫైళ్లు ఉన్నాయి. వాటిని చెరిపేయొచ్చు. బాధ్యత గల అధికారి పేరుతో అఫిడవిట్ ఇచ్చారు. మేం అడిగినప్పుడు చూపించాలన్న షరతుకూ తలొగ్గారు.

బయటి సర్వీసు సంస్థ వాయిస్ ప్రొఫైల్ తీసేశామని ధ్రువీకరణ పంపింది. ఎక్కించిన ఆడియోను తమ మూల మోడల్ (అన్ని గొంతులకూ ఆధారమైన పెద్ద మోడల్) మెరుగుదలకు వాడారా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. అందుకే ఒప్పందంలో ఒక క్లాజు ప్రత్యేకంగా రాయించాను. ఈ రాజీ కంపెనీ వరకే, ఆమె రచనలను, పఠనాలను ఏఐ శిక్షణకు వాడిన మూడో వ్యక్తుల మీద ఆమె హక్కులన్నీ అలాగే ఉంటాయి. కంపెనీ లాయరు దాన్ని తీసేయమని చివరిదాకా అడిగారు. తీయలేదు.

ఆ క్లాజు ఎందుకంత ముఖ్యమో తర్వాతి నెలల్లో ఇంకా స్పష్టమైంది. 2025లో అమెరికాలో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ మీద, తమ పుస్తకాలను అనుమతి లేకుండా తీసుకున్నారని రచయితలు వేసిన కేసులో 150 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. లెక్కలోకి వచ్చిన పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు. ఆ లెక్కలోకి రావాలంటే పుస్తకం అమెరికా కాపీరైట్ ఆఫీసులో రిజిస్టరై ఉండాలన్నది ఒక షరతు. అక్కడ ఉండి తెలుగులో, ఇంగ్లీషులో రాసే మనవాళ్లు ఈ సంగతి పట్టించుకోవాలి. 2025 డిసెంబరులో మన పరిశ్రమల ప్రోత్సాహక శాఖ, డీపీఐఐటీ నియమించిన కమిటీ ఒక పత్రం విడుదల చేసింది. ఏఐ కంపెనీలకు తప్పనిసరి లైసెన్సు ఇచ్చి, వాటి దగ్గర రాయల్టీ వసూలు చేసి హక్కుదారులకు పంచాలని అందులో ప్రతిపాదించారు. అదే చట్టమైతే శిక్షణకు వద్దనే హక్కు రచయితకు ఉండదు, డబ్బు అడిగే హక్కు ఉంటుంది. వద్దనే హక్కు పోవడం నాకు మింగుడుపడని విషయం. ఈ క్లయింటు మొదటినుంచీ అడిగింది ఆ హక్కునే. అయినా పంపకం అంటూ జరిగితే ఏ రచన ఎవరి పేరున ఉందో చూపలేనివాళ్లు వరసలో వెనకబడతారు.

అందుకే రాజీ అయ్యాక ఆమె నోటుపుస్తకాలను సంపుటాలుగా కూర్చి, సాహిత్య రచనలుగా రిజిస్ట్రేషన్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేశాం. రచనకు ఫీజు 500 రూపాయలు. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి, ఆ తర్వాత పరిశీలన. ప్రతి కథకూ ఏది జానపదం, ఏది తన కల్పన అన్న వివరాన్ని ఆమే రాసిపెట్టారు. సర్వీసు సంస్థకు మూల మోడల్ గురించి రెండో లేఖ వెళ్లింది. ఆ ఫైలు ఇంకా మూయలేదు.